చేట ఏరిన గొంతు

బోడిగుట్ట మీద పొద్దున ఎనిమిదింటికి సైరన్ మోగిందంటే ఊరికి ఊరు మడి కట్టుకున్నట్టే. ఫోన్లన్నీ ఇనప్పెట్టెలోకి పోవాలి. బండ్లు షెడ్డులోకి పోవాలి. మిక్సీ తిరగకూడదు. చెవిటి మల్లన్న చెవిలో మిషను కూడా తీసి డబ్బాలో పడెయ్యాల్సిందే. సాయంత్రం ఐదింటి దాకా ఆయనకు లోకంతో పనిలేదు, లోకానికి ఆయనతో పనిలేదు. ఆ తొమ్మిది గంటలూ గుట్ట నెత్తిన ఉన్న పెద్దగిన్నె ఆకాశాన్ని వింటూ ఉంటుంది. అదేమీ చిన్న గిన్నె కాదు, రెండు వందల ఎకరాల రేడియో టెలిస్కోపు. దాని చుట్టుపక్కల మనిషి చేసిన రేడియో అల ఒక్కటి ఎగిరినా మైల పడుతుంది.

ఈ బోడిగుట్ట ఉన్నది మలిపొద్దు అనే గ్రహం మీద. అక్కడికి మన అనంతపురం, కడప వైపు జనం పోయి అప్పటికి ఎనభై ఏళ్లయింది. చుక్క నీళ్లు దొరకని లోకానికి ఎవరొస్తారని అడిగితే, ‘మాకదేం కొత్త’ అని ముందుగా చేతులెత్తింది వాళ్లేనట. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

పెద్దగిన్నె వినేది ఒక ముసలి నక్షత్రాన్ని. పదకొండు కాంతి సంవత్సరాల దూరంలో ఎర్రగా, జబ్బుపడ్డ కన్నులా ఉంటుంది. అందరూ దాన్ని అవ్వ అంటారు. వయసు మళ్లిన నక్షత్రం ఏడాదికోసారి ఉబ్బుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఉబ్బినప్పుడల్లా ఒంటిమీది వాయువు కాస్త బయటికి జారిపోతుంది. అలా జారినదంతా పొరలు పొరలుగా చుట్టూ పరుచుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీనికి ‘పరితార వాయుకంచుకం’ అని నోరు తిరగని పేరు పెట్టారు. గుట్ట మీద క్యాంటీన్ నడిపే సుంకులక్క మాత్రం తల పైకెత్తి చూసి, “ముసల్ది కోకలన్నీ ఒకటొకటే ఇడ్సి చుట్టూ ఆరేసుకుంటాంది” అంది. ఆ రోజు నుంచి పెద్ద చదువుల వాళ్లు కూడా వాటిని కోకలనే అన్నారు.

ఆ కోకల్లో ఒకదానికి ఒక వింత గుణం ఉంది. అందులోని హైడ్రాక్సిల్ అణువుల మధ్యకు పదహారు వందల పన్నెండు మెగాహెర్ట్జ్ రేడియో అల చిన్నదొకటి వచ్చి పడితే చాలు, అణువులన్నీ దానికి వంత పాడతాయి. సన్నటి అల కొండంత అయి బయటికి వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని మేసర్ అంటారు, గుట్ట మీద ‘వంతమేఘం’ అన్నారు. ఆ కోక బంతిలా గుండ్రంగా ఉంటుంది కాబట్టి మనవైపున్న అంచు ముందు పలుకుతుంది, అవతలి అంచు వెనక పలుకుతుంది. తెర మీద రెండు కొమ్ముల్లా కనిపిస్తాయి.

ఇక్కడ నుంచి పోయిన మాట ఏదైనా అవ్వను తాకి తిరిగొస్తే ఇరవై రెండేళ్లు. ముందు కొమ్ము నుంచి ఒకసారి వస్తుంది. వెనక కొమ్ము నుంచి, నలభై రోజుల తర్వాత, ఇంకోసారి వస్తుంది. ఈ లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఈ కథలో మీకు తెలియనిదేమీ ఉండదు.

ఇక ఓబులేసు సంగతి. వయసు అరవై ఒకటి. సుంకులక్కకు సొంత తమ్ముడు. ఆయన పని ఏరడం. ఎంత మడి కట్టినా ఎక్కడో ఒక చోట ఎవడో ఒకడు ఏదో ఒకటి నొక్కుతాడు. నక్షత్రం గొంతులో మనిషి రేడియో కలుస్తుంది, బియ్యంలో మట్టిబెడ్డ కలిసినట్టు. తెర మీద అలాంటి గీత లేవగానే ‘ఉంచు’ అనే మీట నొక్కితే అది గొంతుగా వినిపిస్తుంది, ‘ఏరు’ అనే మీట నొక్కితే చెరిగిపోతుంది. పాతికేళ్ల పాటు ఓబులేసు ఆ బెడ్డలన్నీ చేత్తోనే ఏరాడు.

ఆ చెయ్యి చూసి నేర్చుకున్నదే చేట. కాగితాల మీద దాని పేరు ‘స్వయంచాలిత వ్యతికరణ నిర్మూలన యంత్రం’. అంత పేరు పలికేలోపు అది లక్ష బెడ్డలు ఏరేస్తుంది. ఓబులేసు నొక్కిన ప్రతి మీటా, ఎప్పుడు తొందరపడ్డాడో, ఎప్పుడు ఆగాడో, అన్నీ దానికి పాఠాలుగా పోశారు. ఏరినదాన్ని అది దాచదు. దాని జాగాలో మళ్లీ నక్షత్రాన్నే రాసుకుంటూ పోతుంది. దాన్ని తయారుచేసింది డాక్టర్ మాబున్ని. ముప్పై నాలుగేళ్ల పిల్ల, మాట చురుకు.

ఒక రోజు ఆ మాబున్ని మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చింది.

“ఓబులన్నా, అవ్వ మాట్లాడతాంది!”

“ఏమంటాంది?”

“‘బోరు మోటరు కాలిపోయింది, సాయంత్రం దాకా నీళ్లు రావు’ అంటాంది.”

ఓబులేసు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. “పొద్దున ఏం తిన్నావమ్మా?”

“ఎగతాళి కాదన్నా. చేట సరిగ్గా ఏరుతుందో లేదో సూద్దామని వారం రోజులు పక్కన ఇంకో తీగ పెట్టినా, జల్లెడా లేదు, చేటా లేదు, వచ్చినది వచ్చినట్టు పట్టుకునేది. అందులో పడింది. పంపుల తిప్పయ్య తాత గొంతు.”

తిప్పయ్య పోయి తొమ్మిదేళ్లయింది.

గుట్ట చుట్టూ దూరదూరంగా పదిహేడు చిన్నగిన్నెలు ఉన్నాయి. వాటిని బాగుచేసే పనివాళ్ల దగ్గర ‘పరీక్ష సెట్టు’ అని ఒకటి ఉంటుంది, మడిలో చెల్లే రేడియో అదొక్కటే. దాన్ని అవ్వవైపు తిప్పి, సరిగ్గా ఆ పదహారు వందల పన్నెండులోనే మాట్లాడి, గిన్నె వింటుందో లేదో చూసుకోవాలి. ఒకటి రెండు మూడు అని అంకెలు చెప్పాలని నియమం. మనవాళ్లు అంకెలు చెప్పి ఊరుకుంటారా? ఇంటి సంగతులు చెప్పారు. కోడలిని తిట్టారు. పాటలు పాడారు. అవన్నీ పెద్దగిన్నెలో బెడ్డలై ఓబులేసు చేతుల్లో చెరిగిపోయాయి. కానీ ఆకాశంలోకి పోయినవి పోయినట్టే పోయి, అవ్వ కోకలో పడి, వంతమేఘం ఎక్కి, ఇప్పుడు తిరిగొస్తున్నాయి.

మరుసటి వారం హాల్లో స్పీకరు పెట్టారు. జనం చాపలు తెచ్చుకుని కూర్చున్నారు. తిప్పయ్య భార్య కొత్త చీర కట్టుకుని వచ్చి, మోటరు కాలిపోయిన కబురు మూడుసార్లు వేయించుకుని విన్నది. “బతికున్నప్పుడూ ఇదే చెప్పేటోడు” అని నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరస, పోయినవాళ్ల కోసమన్నట్టు, ఎప్పుడూ ఖాళీగా వదిలేయడం మొదలుపెట్టారు. ఎవరు చెప్పారో తెలియదు.

ఓబులేసు ఒక్కడే హాలుకు పోలేదు. ఆయన వేళ్ల మీద రోజులు లెక్కపెడుతున్నాడు.

సుంకులక్క మొగుడు చౌడప్ప పరీక్ష సెట్టు పట్టుకుని తిరిగే పనివాడే. నవ్వించకపోతే అన్నం అరగని మనిషి. మడి వేళ ఏదో ఒక చిన్నగిన్నె దగ్గర నుంచి, “బామ్మర్దీ, కాలిరిగింది, సచ్చిపోతాండా, రా!” అని మూలిగేవాడు. ఓబులేసు రెండుసార్లు నమ్మి, మడిలో బండి తీయకూడదు కాబట్టి, నాలుగు మైళ్లు ఎండలో పరిగెత్తాడు. రెండుసార్లూ చౌడప్ప గిన్నె నీడలో కూర్చుని శనగక్కాయలు వొలుచుకుంటూ, “వచ్చినావా? కూచో, తిను” అన్నాడు. ఓబులేసు మూడు నెలలు బావతో మాట్లాడలేదు.

ఇరవై రెండేళ్ల కిందట ఒక మంగళవారం చౌడప్ప పద్నాలుగో గిన్నె దగ్గరికి పోయాడు. పోయే ముందు భార్యాభర్తలు తగువులాడుకున్నారు. సుంకులక్క మోకాళ్లకు రాసుకునే తైలం తెమ్మని నాలుగు రోజులుగా చెబుతుంటే ఆయన మర్చిపోయాడు. తగువు అంతే. “పో, మళ్లీ నీ మొగం సూపించొద్దు” అంది ఆమె. రోజూ సెట్టులో ‘సుంకులూ, అన్నం దించినావా’ అని ఏదో ఒకటి అనేవాడు, అది ఓబులేసు ఏరేవాడు, ఏరి, క్యాంటీన్‌కు పోయి ఆమెకు చెప్పేవాడు. ఆ రోజు ఆమెకు ఏ కబురూ రాలేదు. గిన్నె కాలు విరిగి ఆయన మీద పడిందని సాయంత్రం తెలిసింది. ఫోను ఇనప్పెట్టెలో ఉంది. పరీక్ష సెట్టు చేతికందే దూరంలోనే పడి ఉంది. విచారణకు వచ్చిన వాళ్లు ఓబులేసును అడిగారు. ‘గీత ఒకటి లేచింది. ఎవరో ఏమో అనుకుని, వినకుండానే ఏరేశాను’ అని చెప్పాలి నిజానికి. ‘ఏమీ రాలేదు’ అని చెప్పాడు. వినకుండా ఏరేశానన్నది తనకు తాను చెప్పుకునే మాట. ఇరవై రెండేళ్లుగా తనకే అలా చెప్పుకుంటున్నవాడు, మనకు వేరేగా ఎందుకు చెబుతాడు?

సుంకులక్క మాత్రం ఒకటే అనుకుంది: కోపంతో పోయాడు, చచ్చేటప్పుడు కూడా నన్ను పిలవలేదు. తర్వాత ఆమె ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడలేదు. తైలం కూడా రాసుకోలేదు.

ఆ మంగళవారం మాట అవ్వ దగ్గర నుంచి తిరిగొచ్చే రోజుకు ముందు, ఆమె తమ్ముడికి సంగటి ముద్ద పెడుతూ అంది. “రేపేనంట గదా.”

“ఏందక్కా?”

“ఆయప్ప పోయిన పొద్దు. అవ్వ దగ్గర్నించి రేపే గదా రావాల్సింది. ఏమన్నా వస్తే చెప్పు. రాకపోతే గూడా చెప్పు.”

“సరేక్కా.”

మరుసటి రోజు పొద్దున ఓబులేసు మాబున్ని పెట్టిన పక్క తీగ దగ్గరికి పోయి, దాని ఆంప్లిఫయర్‌ను పీకి, నేల మీద వేసి కాలితో నొక్కాడు. పాడైపోయిందని చెప్పాడు. కొత్తది కిందికోన పట్నం నుంచి రావాలంటే మూడు నెలలు. చేటను కాసేపు ఆపేసి, స్పీకరు గొంతు కట్టేసి, ‘ఏరు’ మీట మీద వేలు పెట్టి కూర్చున్నాడు. పదకొండు ఇరవైకి తెర మీద గీత లేచింది. ఆ గీతను ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు. మూడు పొట్టి ముళ్లు, ఒక పొడుగు ముల్లు. నొక్కాడు. పోయింది.

“ఏమీ రాలేదక్కా” అన్నాడు మధ్యాహ్నం.

“తెలుసులే” అని ఆమె ఇంకో ముద్ద వేసింది.

ఆ రోజు నుంచి ఆయనకు గీత కనిపించడం మొదలైంది. సున్నం రాలిన గోడ మీద మూడు పొట్టివి, ఒక పొడుగుది. గుట్ట మీద పాతిన కంబాల్లో మూడు పొట్టివి, ఒక పొడుగుది. సుంకులక్క ఊరిబిండి పచ్చడి రుబ్బుతుంటే రోలు కూడా అదే తాళం వేసింది. పట్టపగలు, ఎండలో, ఎవరో నాలుగు మైళ్ల అవతల కూర్చుని శనగక్కాయలు వొలుస్తున్న చప్పుడు వినిపించింది. మొదటిసారి పొరపాటని సర్దిచెప్పుకున్నాడు. రెండోసారి వేలు తనది, బుద్ధీ తనదే. దానికి ఏం చెప్పుకుంటాడు?

ముప్పై తొమ్మిదో రోజు క్యాంటీన్ బల్ల దగ్గర అక్కనూ మాబున్నినీ కూర్చోబెట్టి చెప్పేశాడు. బావ పిలిచాడు. గీత వచ్చింది. ఎవరో ఏమో అనుకుని, వినకుండా ఏరేశాను. పోయిన నెలలో తిరిగొస్తే, భయపడి, మళ్లీ ఏరేశాను. తీగ నేనే చెడగొట్టాను.

సుంకులక్క చేతిలో గరిటె అలాగే ఉంది.

“ఇంగోసారి వస్తుంది గదా” అంది ఆమె. “వెనక కొమ్ము నించి.”

“రేపు. పదకొండు ఇరవైకి.”

“ఈసారి నేనొస్తా.”

మరుసటి రోజు ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. సుంకులక్క మోకాళ్లు పట్టుకుని, మెట్టుకోసారి ఆగి ఎక్కి వచ్చింది. పక్క తీగ లేదు. ఉన్నదల్లా చేట ఒక్కటే.

“చేటా” అన్నాడు ఓబులేసు. “ఈ పొద్దు ఏమీ ఏరొద్దు. వచ్చినదంతా ఉంచు.”

“ఉంచమంటారు” అంది చేట. దాని గొంతు శుభ్రంగా, వడ్లు లేని బియ్యంలా ఉంటుంది. “అలాగే.”

పదకొండు ఇరవైకి గీత లేచింది. మూడు పొట్టివి. స్పీకరు గరగరమంది. తర్వాత గదిలో చౌడప్ప ఉన్నాడు.

“బామ్మర్దీ… ఏరెయ్యొద్దురా. ఈసారి తమాషా కాదు. సుంకులుకు చెప్పు…”

అంతే. గీత చెరిగిపోయింది. స్పీకరులో నక్షత్రం, ఎప్పటి నక్షత్రమే, ఉస్సురుమంటూ ఊపిరి వదులుతోంది.

ఓబులేసు లేచి చేట పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. “ఉంచమన్నా గదా! ఏం జేసినావు? ఎందుకు ఏరినావు?”

“ఈ గీత నా పాఠాల్లో ఉంది” అంది చేట, అదే శుభ్రమైన గొంతుతో. “మీ చెయ్యి తడబడిన చోటు, మొత్తం పాతికేళ్లలో, ఇదొక్కటే. అలాంటి చోటు అరుదు కాబట్టి దాని నుంచే ఎక్కువ నేర్చుకున్నాను. ఆ రోజు మీరు ముందు ‘ఉంచు’ నొక్కారు. గొంతు విన్నారు. నాలుగు సెకన్ల తర్వాత ‘ఏరు’ నొక్కారు. ఈ రోజు కూడా మీరు ఉంచమన్నారు. తర్వాత చేసేది నేను చేశాను.”

మాబున్ని నేల చూపులు చూసింది.

“ఏరినది మళ్లీ తెచ్చేదానికి…” అని గొణిగాడు ఓబులేసు.

“ఏరినదాన్ని దాచుకోవడం మీరు నేర్పలేదు.”

సుంకులక్క తమ్ముడి వైపు తిరిగింది. చాలా మెల్లగా తిరిగింది.

“అంటే, విన్నావు.”

“తమాషా అనుకున్నాక్కా. రెండుసార్లు పరిగెత్తినా. ‘ఈసారి తమాషా కాదు’ అని ముందు గూడా ఒకసారి అన్నాడు. మళ్లీ నవ్వుతాడనుకున్నా. కోపమొచ్చి…”

“నాకు చెప్పమన్నాడు.”

“అవునక్కా.”

“ఏం చెప్పమన్నాడు?”

ఆ మాట నాలుగు సెకన్ల తర్వాతది. లోకంలో ఎవరి దగ్గరా లేదు. అవ్వ రెండుసార్లు తెచ్చి ఇచ్చింది, రెండుసార్లూ ఆ చెయ్యే చెరిపేసింది, మూడోదానికి కొమ్ము లేదు.

ఆమె “పిలిచినాడు” అని తనలో తాను ఒకసారి అనుకుని, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగిపోయింది. తమ్ముడు చెయ్యి ఇవ్వబోతే పట్టుకోలేదు.

ఆ తర్వాత రోజూ ముద్ద పెట్టింది. మాట మాత్రం లేదు. ఓబులేసు తిని, కంచం కడిగి, వచ్చి తెర ముందు కూర్చునేవాడు. చేట ఏరుకుంటూ ఉండేది. ఆయనకు చేయడానికి పనేమీ లేదు.

తొమ్మిదో రోజు మడి మొదలై గంట గడిచింది. తెర మీద గీత లేచింది. ఇది అవ్వ దగ్గర నుంచి వచ్చింది కాదు. చాలా దగ్గరిది, నిటారుగా, బలంగా ఉంది. చేట స్పీకరు తెరిచింది.

“ఓబులా…”

అక్క గొంతు. చౌడప్ప శవంతో పాటు వచ్చిన పరీక్ష సెట్టును ఆమె ఇరవై రెండేళ్లుగా అటక మీద పాత కోకలో చుట్టి పెట్టుకుందని ఆయనకు తెలుసు.

“ఓబులా… ఏరెయ్యొద్దురా…”

మిగతాది ఆయన వినలేదు. కుర్చీ వెనక్కి పడింది. అరవై ఒక్కేళ్ల మనిషి మెట్లు ఎలా దిగాడో చూసినవాళ్లు లేరు. ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది. రాళ్ల మీద, ఎండలో, క్యాంటీన్ దాకా పరిగెత్తి, గడప పట్టుకుని నిలబడ్డాడు.

సుంకులక్క గడప దగ్గరే పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో పరీక్ష సెట్టు, దాని మొహం అవ్వవైపు. చెక్కుచెదరలేదు, ఒంటికి ఏమీ కాలేదు. పక్కన వెదురు చేటలో శనగక్కాయలు.

“ఏమైందక్కా?”

ఆమె ఆయన కాళ్లవైపు చూసింది. ఒక కాలికి చెప్పు లేదు, బొటనవేలు చిట్లి నెత్తురు కారుతోంది.

“ఏం లేదు” అంది. “వస్తావో రావో సూద్దామని.”

కాయల చేట ఆయనవైపు జరిపింది. “వచ్చినావు గదా. కూచో, తిను.”

ఓబులేసు అక్కడే మట్టిలో కూలబడి, ఒక కాయ తీసి, వొలవలేక, పిడికిట్లో పట్టుకుని ఏడ్చాడు.

పైన గదిలో ఎవరూ లేరు. చేట, సుంకులక్క పిలుపును సరిగ్గా నాలుగు సెకన్లు ఉంచి, ఏరేసి, దాని జాగాలో నక్షత్రాన్ని రాసుకుంది. ఆ పిలుపు మాత్రం అప్పటికే గుట్ట దాటి, గాలి దాటి, అవ్వవైపు పోతూ ఉంది. ఇరవై రెండేళ్లకు తిరిగొస్తుంది, నలభై రోజుల తేడాతో రెండుసార్లు. అప్పటికి వినడానికి ఎవరుంటారో చెప్పలేం. ఏరడానికి చేట మాత్రం ఉంటుంది.